ప్రయోజనవాదమును ధాత కరువును: దత్తమండలముల నిదర్శనముతో ఒక నీతి విమర్శ

ప్రయోజనవాదమను మాట మన సాహిత్య విమర్శలో తరచుగా వినబడుచున్నది. విచారింపబడుట మాత్రము అరుదు. సుమతీ శతకమును, వేమన పద్యములను బోధించునపుడు ఇది ప్రయోజనదృష్టి యని ఒక ముద్రవేసి ముందునకు సాగుట తరగతులలో పరిపాటి. ఆ ముద్రలో మెప్పుకంటె నిందయే హెచ్చు. లౌక్యము, స్వలాభాపేక్ష, ప్రతిఫలము చూచుకొని మేలుచేయు గుణము, వీనినన్నిటిని ఆ మాటక్రిందనే చేర్చుచున్నాము. బెంథాము, మిల్లు ప్రతిపాదించిన సిద్ధాంతము వీనిలో దేనికిని పర్యాయము కాదు. కొన్నియెడల వీనికి విరుద్ధము కూడ. ఒక సిద్ధాంతమును ఖండింపవలెనన్నను మొదట దానిని అదియే చెప్పిన రూపమున గ్రహింపవలెను గదా.

గ్రంథములలోని నిర్వచనములను ఏకరువు పెట్టుటవలన ఈ పని నెరవేరదు. నీతి సిద్ధాంతమునకు నిజమైన పరీక్ష సంకట సమయమున కలుగును. కర్నూలు, కడప సీమలకు అట్టి సంకటము 1876–78 సంవత్సరముల నడుమ సంభవించెను. ధాత నామ సంవత్సరమున ఆరంభమై ఈశ్వర నామ సంవత్సరమున కూడ సాగిన ఆ క్షామమును మన పెద్దలు ధాత కరువందురు. ఆకలిగొన్నవారిలో ఎవరికి గింజ లియ్యవలెను, ఎన్ని యియ్యవలెను, ఏ నియమముపై నియ్యవలెనను ప్రశ్నలకు నాటి పాలకులు అంకెలతో సమాధానము చెప్పిరి. అదే సీమలో, పదేండ్లకు ముందు వచ్చిన మఱియొక కరువున, ఉయ్యాలవాడ గ్రామవాసి బుడ్డా వెంగళరెడ్డి అంకెలతో పనిలేని సమాధానము చెప్పెను. ఈ రెండు సమాధానములను ఎదురెదురుగ నిలిపి ప్రయోజనవాదపు బలాబలములను, ఇతర నీతివాదములతో దానికిగల సంబంధమును పరిశీలించుట ఈ వ్యాసమున తలపెట్టిన పని.

సిద్ధాంత స్వరూపము

జెరమీ బెంథాము (1748–1832) 1789లో ప్రకటించిన నీతిశాసన సూత్ర గ్రంథమున ఈ వాదమునకు శాస్త్రరూప మిచ్చెను. ఒక కార్యము మంచిదా చెడ్డదా యని నిర్ణయించుటకు దానివలన కలుగు సుఖదుఃఖములే ప్రమాణము. కర్త యొక్క సంకల్పము గాని, పూర్వాచారము గాని, శాస్త్రవిధి గాని స్వతంత్ర ప్రమాణములు కావు. ఆ సుఖదుఃఖములు ఎవరివైనను సమానములే. ప్రభువు సుఖ మొక యేకాంకము, కూలివాని సుఖ మొక యేకాంకము. కర్తయు తన్ను తాను ఒక్కటిగానే లెక్కించుకొనవలెను గాని రెండుగా గాదు. స్వార్థవాదమునకును దీనికిని గల భేదము ఇచ్చటనే స్పష్టము. స్వార్థవాది తన సుఖమునే చూచును. ప్రయోజనవాది తన సుఖమునకు ఎదుటివాని సుఖముకంటె ఎక్కువ విలువ కట్టరాదు.

సుఖదుఃఖములను తూచుటకు బెంథాము ఏడు కొలతలు చెప్పెను. అవి తీవ్రత, కాలపరిమితి, నిశ్చయము, సామీప్యము, మఱికొన్ని సుఖములను కను శక్తి, దుఃఖముతో కలియకుండుట, ఎందరికి వ్యాపించుననునది. ఈ కొలతలను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ధాత కరువునాటి అంకెలను ముందు వీనితోనే తూచవలసియున్నది.

జాన్ స్టూవర్టు మిల్లు 1861లో పత్రికా వ్యాసములుగను, 1863లో గ్రంథముగను ప్రకటించిన రచనలో, సుఖములయందు పరిమాణభేదమే గాక గుణభేదము కూడ కలదని చెప్పి గురువుగారి సిద్ధాంతమును సంస్కరించెను. మన దేశమున ఈ వాదమునకు గల చరిత్ర గమనింపదగినది. మిల్లు తండ్రి జేమ్సు మిల్లు 1819లో ఈస్టిండియా కంపెనీ లండను కార్యాలయమున ఉద్యోగియయ్యెను. కుమారుడు 1823 మొదలు 1858 వరకు అచ్చటనే పనిచేసెను. కావున ప్రయోజనవాదము మనకు తత్త్వగ్రంథముగా అందకమునుపే కచేరీ కాగితముగా అందినది. అయితే దత్తమండలములకు 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రోను ఈ బడిలో చేర్చుట పొరపాటు. మన్రో వంటివారి పితృభావ పాలన వేఱు, మిల్లుల శాసనదృష్టి వేఱు అని ఎరిక్ స్టోక్సు 1959 నాటి తన గ్రంథమున చక్కగా నిరూపించెను.

మన గ్రంథములలోని మార్గములు

ఈ చర్చ మనకు క్రొత్తది కాదు. మహాభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు చెప్పిన త్యాగక్రమము సుప్రసిద్ధము. కులముకొఱకు ఒకనిని, గ్రామముకొఱకు కులమును, జనపదముకొఱకు గ్రామమును విడువవచ్చునని అందు క్రమము. ఇంతవరకు ఇది శుద్ధమైన సంఖ్యానీతి. ఎక్కువమంది మేలునకై తక్కువమందిని విడుచుట. కాని విదురు డచ్చట ఆగలేదు. ఆత్మకొఱకు సమస్త భూమినైనను విడువవలెనను నాల్గవ మెట్టుతో ముగించెను. మొదటి మూడు మెట్లలో పెరుగుచు వచ్చిన సంఖ్య నాల్గవ మెట్టున ఒక్కసారిగా నిష్ఫలమగుచున్నది. లెక్కకు లొంగని దొకటి కలదను స్పృహ ఆ శ్లోకనిర్మాణముననే యున్నది. మొదటి భాగమునే యుదాహరించి మన ప్రాచీనులు ప్రయోజనవాదులనువారు ఈ మలుపును చూడవలసియున్నది.

ఫలమును లెక్కింపక నియమమును పాలించుట రెండవ మార్గము. హరిశ్చంద్రు డిందు ఆదర్శము. జర్మను తత్త్వవేత్త కాంటు 1785లో ప్రతిపాదించిన కర్తవ్యవాదమునకు మన సాహిత్యమున ఇంతకంటె దగ్గరి పాత్ర లేదు. కాని కర్ణపర్వమున శ్రీకృష్ణుడు చెప్పిన కౌశికుని కథ దీనికి ప్రతివాదము. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన కౌశికుడు, పారిపోయి దాగినవారి జాడను దొంగలకు సత్యముగానే చెప్పెను; వారు హతులైరి; కౌశికుడు నరకమునకేగెను. హంతకుడు వచ్చి యడిగినను అబద్ధమాడరాదని కాంటు 1797లో ఒక వ్యాసమున వాదించెను. కౌశికుని కథను విన్న తెలుగు పాఠకుడు ఆ వాదమునకు తల యూపజాలడు. అనగా ఫలదృష్టికి మన సంప్రదాయమున స్థానము కలదు. సర్వాధిపత్యము మాత్రము లేదు.

మూడవది రంతిదేవుని మార్గము. భాగవత నవమ స్కంధమున ఆ రాజు నలువదియెనిమిది దినములు అన్నపానీయములు లేక కృశించి, తుదకు దొరకిన అన్నమును ఒకరి తరువాత ఒకరుగ వచ్చిన అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని గూడ దప్పిగొన్న చండాలునకు ధారవోసెను. ఇది లెక్క కాదు, నియమమును కాదు, స్వభావము. అరిస్టాటిలు మొదలుకొని పాశ్చాత్యులలో కొందఱు నీతికి మూలముగా చెప్పిన సద్గుణశీలము ఈ జాతికి చెందినది.

ఇక సుమతీ శతకము, వేమన పద్యములు. సుమతిలో అధికభాగము వ్యవహారనీతి. ఎవనిని నమ్మవలెను, ఎట్టి ప్రభువును కొలువరాదు, ఎప్పుడు మాటాడవలెనను విషయములు తన క్షేమమునుగూర్చిన జాగ్రత్తలు. అందరి సుఖమును కూడి చూచు ప్రయత్నము అందు లేదు. వేమన ఆచారములను వాని ఫలములబట్టి పరీక్షించినమాట నిజము. కాని ఆయన తుది తీర్పు మనశ్శుద్ధిపై నాధారపడినదే గాని సుఖముల మొత్తముపై గాదు. కావున ఈ ఇరువురికిని ప్రయోజనవాద ముద్ర తగదు.

కరువున సిద్ధాంతము

1876లో నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును మద్రాసు రాజధానిలోని మెట్ట జిల్లాలకు మొగము చాటుచేసెను. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో పైరులు నశించెను. కడప సీమమీదుగ రైలుమార్గము సాగియుండెను గాని కర్నూలు పట్టణమునకు నాటికి రైలు లేదు. ధాన్యము బండ్లమీదనే రావలెను, బండ్లు లాగు ఎద్దులకు మేత లేదు. రైతు కూలీలకు పని పోయినది, ధరలు పెరిగినవి. క్షామమనగా కేవలము ధాన్యము లేకపోవుట గాదు, దానిని పొందు శక్తి జనులకు లేకపోవుటయని అమర్త్య సేన్ 1981లో చేసిన సిద్ధాంతమునకు ఈ సీమ చక్కని నిదర్శనము.

1876 చివర మద్రాసు ప్రభుత్వము ముప్పదివేల టన్నుల ధాన్యమును రహస్యముగా కొనెను. వైస్రాయి లిట్టను ప్రభుత్వము దీనిని ఆక్షేపించెను. ప్రభుత్వము వర్తకమున చేయిపెట్టినచో వర్తకులు వెనుదీయుదురు, ధాన్యము మఱింత తగ్గునని వారి వాదము. 1877 ప్రారంభమున సర్ రిచర్డు టెంపులు దక్షిణమునకు పంపబడెను. మూడేండ్లకు ముందు, 1874 బీహారు కరువున, ఈయనయే బర్మానుండి బియ్యము విరివిగా తెప్పించి ప్రాణనష్టము మిక్కిలి తగ్గించెను. అందులకు ఆయనకు దక్కినది దుబారా చేసెనను నింద. ఆ నిందను మనసున నుంచుకొనియే కాబోలు, ఈ సారి సహాయపు పనులపై నున్న వయోజనునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్పముగ డబ్బును చాలునని నిర్ణయించెను. నేటి తూకమున ఆ ధాన్యము సుమారు 450 గ్రాములు. శక్తిగలవాడు ఊరికి దూరమున పనిచోటికి పోయి మట్టి త్రవ్వి, రాళ్లు కొట్టి ఈ కూలి సంపాదింపవలెను. పని, దూరము, తక్కువ కూలి, ఈ మూడును నిజమైన అవసరము లేనివారిని ఏరివేయు పరీక్షలుగా భావింపబడెను.

మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు దీనిని తీవ్రముగ ప్రతిఘటించెను. కష్టము చేయు దేహమునకు ఆ గింజలు చాలవని ఆహారశాస్త్రమును, మరణముల పట్టికలను చూపి వాదించెను. బొంబాయి రాజధానిలో కూలీలు ఆ కూలికి పనిచేయమని పనులు విడిచిపోయిరి. పూనా సార్వజనిక సభ వారి పక్షమున నిలిచెను. 1877 నడుమ మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచెను. కాని అప్పటికే జరుగవలసిన కీడు జరిగినది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాల్గవవంతు తగ్గెను.

ఈ చరిత్రను చెప్పి, ఇదిగో ప్రయోజనవాదపు ఫలమని తీర్పు చెప్పుట సులభము. పలువు రట్లు చెప్పియున్నారు. కాని ఆ తీర్పు నిలువదు. టెంపులు పక్షమును న్యాయముగ నిట్లు చెప్పవచ్చును: ఖజానా అపారము కాదు, నేడు బీహారు రీతిని వ్యయము చేసినచో రేపటి కరువునకు ధనముండదు, పన్నుల భారము ఇతర జిల్లాల పేదలపై బడును, సులభముగ దొరకు సహాయము జనులను పరాధీనులను చేయును. ఇవి పైకి ప్రయోజనవాదపు మాటలే. వీనిని బెంథాము కొలతలతో తూచి చూతము. ఆకలిచావు దుఃఖమున తీవ్రత గరిష్ఠము, అది నిశ్చయము, అది సమీపము, అది లక్షలమందికి వ్యాపించినది. రేపటి ఖజానా లోటు దూరము, అనిశ్చయము, తీవ్రతయందు తక్కువ. ఏడింటిలో నాలుగు ముఖ్యమైన కొలతలచే ఒక పౌను కూలి ఓడిపోవుచున్నది. మిల్లును సాక్షిగ పిలిచినను ఇదే ఫలితము. ప్రైవేటు వర్తకులు ధాన్యము తెచ్చు అవకాశము లేనిచోట ప్రభుత్వమే దూరమునుండి తెప్పించుట యుక్తమని ఆయన 1848 నాటి అర్థశాస్త్ర గ్రంథమున అంగీకరించియుండెను. రైలు లేని, ఎద్దులు చచ్చిన కర్నూలు సరిగా అట్టి చోటు.

కావున తప్పు లెక్కించుటలో లేదు. కొలమానమును మార్చుటలో నున్నది. సుఖదుఃఖములను తూచవలసిన త్రాసున రూపాయిలు మాత్రమే తూచిరి. రూపాయి కనబడును, ఆకలి కాగితముపై కనబడదు. వేఱొక విషయము కూడ గుర్తింపవలెను. ఒక పౌను లెక్కను మార్పించుటకు తోడ్పడినది కరుణారసము కాదు, కార్నిషు పట్టికలు. లెక్కను ఓడించినది మఱియొక మంచి లెక్క. అంకెలన్నియు అమానుషములనువారు ఈ యుపకారమును మఱువరాదు.

వెంగళరెడ్డి సమాధానము

ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన ఉయ్యాలవాడ, రేనాటి సీమలోనిది. ఆ యూరి బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువున తన గాదెలు తెఱచి వేలమందికి అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి ప్రభుత్వము బంగారు పతకముతో ఆయనను గౌరవించెను. కాని ఆయన కీర్తిని నిలిపినది పతకము గాదు, పాట. రేనాటి జానపదులు కట్టి పాడుకొనిన ఆ పాటలను, అదే యూరి వీరుడు నరసింహారెడ్డిపై గల పాటలతోపాటు, తంగిరాల వెంకటసుబ్బారావుగారు తమ ‘రేనాటి సూర్యచంద్రులు’ పరిశోధనమున విమర్శించిరి. అందు చంద్రుడు వెంగళరెడ్డి. సూర్యచంద్రులను ఈ జంట జానపదుల నీతిబుద్ధికి గుర్తు: ఒకడు అన్యాయము నెదిరించినవాడు, ఒకడు ఆకలి తీర్చినవాడు. ఏ కరువు అధికారిపైనను ఇట్టి పాట పుట్టలేదు.

ఎందుచేత? ప్రభుత్వపు గంజికేంద్రములవలన నిలిచిన ప్రాణములు ఒక గ్రామ దాతవలన నిలిచిన ప్రాణములకంటె సంఖ్యలో ఎన్నియో రెట్లెక్కువ యని ప్రయోజనవాది చెప్పును, అది నిజమే. కాని జానపదుడు సంఖ్యను పాడలేదు. ఆకలితో వచ్చినవానిని నీవెవడవు, పని చేయగలవా, ఎంతదూరమునుండి వచ్చితివని అడుగకుండుటను పాడెను. ప్రభుత్వపు గింజలో పరీక్ష యున్నది. రెడ్డి యన్నములో పరీక్ష లేదు. అన్నముతోపాటు మనిషికి దక్కిన గౌరవమే ఆ పాటలకు వస్తువు. సుఖదుఃఖముల పట్టికలో అవమానమునకు గడి యుండదు. ఉన్నదని వాదించువారు దానిని ఎట్లు నింపుదురో చెప్పవలెను.

అయినను విమర్శకుడు పాటకు లొంగిపోరాదు. దానధర్మమున మూడు లోపములున్నవి. మొదటిది వ్యాప్తి. ఉయ్యాలవాడకు నడచి రాగలిగినవాడు బ్రదికెను. నడువలేనివాని మాట ఏమి? రెండవది నిలుకడ. దాత యొకనాడుండును, ఒకనాడుండడు. గాదె నిండియుండును, ఉండకపోవును. పది సంవత్సరములకు వచ్చిన ధాత కరువు ఏ యొక్క దాత శక్తికిని మించినది. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సంబంధ స్వరూపము. దానము పొందువాడు కృతజ్ఞుడు కావలెనే గాని అడుగు అధికారము లేనివాడు. దాత పెట్టినచో పుణ్యము. పెట్టనిచో పాపము లేదు. ఎవని ప్రాణము నిలుచుట ఎదుటివాని పుణ్యేచ్ఛపై నాధారపడునో, వాని స్థితి దయనీయమే.

రంతిదేవుని కథతో పోల్చినచో ఈ భేదములు స్పష్టపడును. ప్రయోజనవాది తన్ను ఒకటిగా లెక్కించుకొనును. రంతిదేవుడు తన్ను సున్నగా లెక్కించుకొనెను. ధాత కరువునాటి పాలన ఎదుటివానిని దాదాపు సున్నగా లెక్కించెను. మొదటిది న్యాయము, రెండవది మహత్త్వము, మూడవది ఘోరము. రెండవదానిని జూచి చేతులు జోడింపవచ్చును గాని, దానిని ప్రభుత్వమునకు నియమముగ విధింప వీలులేదు. మహత్త్వమును శాసించుట ఎవరికిని సాధ్యము కాదు.

పరీక్షనుండి హక్కు దాక

లెక్కకును దయకును నడుమ మూడవ దొకటి కలదు. అది ఋణము. కాంటు దీనిని విధి యనెను. మనుష్యుని సాధనముగ మాత్రమే వాడుకొనరాదు, వానిని స్వయముగ ఒక గమ్యముగ నెంచవలెనను ఆయన సూత్రమునుబట్టి చూచినచో, ఖజానా రక్షణకై ఒకనిని అర్ధాకలితో ఉంచుట తప్పుడు లెక్క మాత్రమే గాదు. లెక్కలోనికి తేరానిదానిని తెచ్చుట. జాన్ రాల్సు 1971లో ఇదే లోపమును మఱియొక రీతిని చూపెను. ఒక మనిషి రేపటి సుఖమునకై నేడు కష్టము సహించుట వివేకము. కాని ఒకని కష్టమును వేఱొకని సుఖముతో సరిపుచ్చుట వివేకము గాదు, ఏలన వారిరువురు ఒక్క మనిషి కారు. ప్రయోజనవాదము సమాజమును ఒక పెద్ద మనిషిగ భావించి ఈ భేదమును చెఱపివేయుచున్నది.

క్షామ చరిత్రయే ఈ మార్పును నెమ్మదిగ నేర్చుకొనెను. 1878లో రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ సంఘము 1880లో నివేదిక నిచ్చెను. దానినాధారముగ 1883లో క్షామ నియమావళి వెలువడెను. ఆకలిచావును నివారించుట ప్రభుత్వపు బాధ్యతయని అంగీకరింపబడుట దీని విశేషము. వర్తకమున జోక్యము చేసికొనరాదను పాత నమ్మకము పోలేదు, పనిపరీక్షయు పోలేదు. కాని దయ కర్తవ్యముగ మాఱెను. అయితే కర్తవ్యము ప్రభుత్వముదే గాని, దానిని అడుగు అధికారము ఆకలిగొన్నవానికి ఇంకను రాలేదు.

ఆ చివరి మెట్టు సుమారు నూటయిరువది సంవత్సరములకు గాని రాలేదు. 2005లో శాసనసమ్మతమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న మన సీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. గ్రామీణ కుటుంబమునకు ఏటికి నూరు దినముల పని, అడిగిన పదునైదు దినములలో పని చూపనిచో నిరుద్యోగ భృతి, దాని ముఖ్య నిబంధనలుగ నుండెను. ఇచ్చట మన చర్చకు సారభూతమైన విషయ మున్నది. 1877లో కూలీ చేసిన పనియు మట్టిపనియే, 2006లో చేసిన పనియు మట్టిపనియే. గడ్డపార అదే, తట్ట అదే. కాని మొదటిచోట పని అడుగుకొనువానిని దూరముగ నుంచు పరీక్ష; రెండవచోట అడుగువాని చేతిలోని హక్కు. కేవలము సుఖదుఃఖములను కూడి చూచు సిద్ధాంతమునకు ఈ రెండు మట్టిపనులకుగల భేదము కనబడదు. ఇదియే ఆ సిద్ధాంతపు పరిమితి.

లెక్క సరియైనపుడు

ధాత కరువున లెక్కయే తప్పుగనుక సిద్ధాంతపు పరీక్ష పూర్తికాలేదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. అట్లయిన లెక్క సరియైనచోటును చూడవలెను. శ్రీశైలము ప్రాజెక్టునకు 1963లో జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. మొదట విద్యుత్తు నుద్దేశించిన ఆ జలాశయము తరువాత సేద్యమునకును ఆధారమయ్యెను. దాని కుడిగట్టు కాలువ ఉద్దేశించిన ఆయకట్టు కర్నూలు, కడప సీమలలో సుమారు లక్షా తొంబదివేల ఎకరములు. 1937 శ్రీబాగు ఒడంబడికలో కృష్ణా తుంగభద్రా జలములయందు రాయలసీమకు ప్రాధాన్యము కోరిన పెద్దల ఆశకు ఇది కొంత తీర్పు. ధాత కరువును చూచిన సీమకు నీరు వచ్చుట ఏ లెక్కన చూచినను మేలే.

కాని ఆ జలాశయమున కర్నూలు, మహబూబునగరు జిల్లాలలోని నూరింటికి మించిన గ్రామములు మునిగెను. లక్షకు మించిన జనులు స్థలము విడిచిరి. 1981లో పలుగ్రామములను బలవంతముగ ఖాళీ చేయించిరి. వేసవిలో నీరు తగ్గినపుడు సంగమేశ్వరాలయము బయటపడుచుండును; చుట్టునుండిన యూళ్లు పడవు. నాడు అమలులోనున్న 1894 భూసేకరణ చట్టమునుబట్టి ప్రజాప్రయోజనమను మాటతో భూమి తీసికొని వెల కట్టినచో చాలును. మునిగినవారికి కలిగిన దుఃఖమును లెక్కలో వేసికొనినను, లాభపడినవారి సంఖ్య పెద్దదిగనుక మొత్తము తేడారాదు. ప్రయోజనవాది ఇచ్చట జయించును. జయించియు మనకు తృప్తి నీయడు. ఏలన మునిగినవాని ఫిర్యాదు మొత్తమును గూర్చినది గాదు. నన్నడిగితిరా, నేను విడిచినది నాకు ఏ రూపమున తిరిగివచ్చునని అతని ప్రశ్న. కాలువ నీరు పాఱిన పొలము వేఱొకనిది.

2013 భూసేకరణ చట్టము ఈ ప్రశ్నను వినెను. సేకరణవలన కలుగు సాంఘిక ఫలితములను ముందుగ అంచనా కట్టి, బాధితుల యెదుట బహిరంగ విచారణ జరిపి, పునరావాసమును హక్కుగ కల్పింపవలెనని విధించెను. అందును లెక్క కలదు. లాభము నష్టమునకు మించునా యని చూడవలెననియే చట్టము చెప్పినది. కాని లెక్కకు ముందు మాటాడు అధికారమును, లెక్క తరువాత తగ్గింపరాని కనీసమును నిలిపినది. చట్టము అమలు ఎట్లున్నదనునది వేఱు విచారణ. సిద్ధాంతమున మాత్రము ఇది సరియైన పొందిక.

ఉపసంహారము

పై విచారమునుండి తేలిన యంశము లివి. ప్రయోజనవాదము స్వార్థవాదము గాదు. తన్ను ఒకటిగ మాత్రమే లెక్కించుకొనుమను కఠినమైన నిష్పక్షపాతము దాని ప్రాణము. ధాత కరువున జరిగిన ఘోరమునకు ఆ సిద్ధాంతము కంటె దాని పేరిట సాగిన కొలమానపు మార్పు కారణము. ఆ మార్పును బయటపెట్టినదియు ప్రయోజనవాదపు లెక్కయే. దానధర్మము మనుష్య గౌరవమును కాపాడెను గాని వ్యాప్తిలేనిది, నిలుకడలేనిది, అడుగు అధికారమియ్యనిది. కర్తవ్యవాదము కౌశికునియందువలె ఫలమును చూడక చెడవచ్చును. కాని మనిషిని సాధనముగ వాడరాదను దాని గట్టుకట్ట లేనిచో లెక్క ఎటు పాఱునో చెప్పజాలము. విదురుని నాల్గవ మెట్టు ఈ గట్టునకే ప్రాచీన నామము.

కావున ప్రయోజనవాదము రెండవ నీతిగ ఉత్తమము, మొదటి నీతిగ అసంపూర్ణము. ఏ మనిషికిని తగ్గింపరానిది ఏదో ముందు నిర్ణయమైన పిదప, మిగిలినదానిని ఎట్లు పంచిన ఎక్కువమందికి మేలగుననుటకు దానిని మించిన సాధనము లేదు. ఆ నిర్ణయమునకు ముందే లెక్క మొదలుపెట్టినచో ఒక పౌను ధాన్యము కూడ ఎక్కువయేయని తోచు ప్రమాదము కలదు. మన పరిశోధక విద్యార్థులు రేనాటి పాటలను చదువునపుడు వెంగళరెడ్డి దానగుణమును ప్రశంసించి ఆగిపోవుచున్నారు. ఆ పాటల పక్కన అదే సీమ కరువు నివేదికలను కూడ ఉంచి చదివినచో, జానపదుడు దేనిని మెచ్చెనో గాక దేనిని మెచ్చ నిరాకరించెనో కూడ తెలియును. నీతి చరిత్రకు ఆ నిరాకరణము ప్రశంస కంటె తక్కువ సాక్ష్యము గాదు.